లాహోరులో లంక గెలుపు

చరిత్ర గ్రంథములలో యుద్ధములకు, ఒడంబడికలకు, ఎన్నికలకు దొరకు చోటు ఆటలకు దొరకదు. ఆట ముగిసిన మరునాడు జనులు తమతమ పనులలో పడుదురు. పత్రికలు మరియొక వార్తను వెదకికొనును. అయినను కొన్ని ఆటలు ఆడినవారితోను చూచినవారితోను ముగియవు. ఒక జాతి తన్ను తాను చూచుకొను తీరును అవి కొంత మార్చును. 1996 మార్చి 17వ తేది ఆదివారమునాడు లాహోరులోని గద్దాఫీ క్రీడాస్థలమున శ్రీలంక జట్టు ఆస్ట్రేలియాను ఏడు వికెట్ల తేడాతో ఓడించి ప్రపంచకప్పును గెలుచుకొన్న ఆట అట్టిది. అంతకుముందు జరిగిన ఐదు ప్రపంచకప్పు పోటీలలోను కలిపి ఆ జట్టు గెలిచిన ఆటలు నాలుగే. అట్టి జట్టు ఆరవ పోటీలో ఒక్క ఆటయు ఓడక కప్పును అందుకొన్నది. ఇది ఎట్లు సాధ్యమైనది, దాని వెనుక ఎంత చరిత్ర కలదు, ఆ గెలుపు ఏమి చేయగలిగినది, ఏమి చేయలేకపోయినది అను ప్రశ్నలు క్రికెట్టును ప్రేమించువారికే గాక దక్షిణాసియా చరిత్రను చదువువారికిని ఆలోచింపదగినవి.

సింహళద్వీపమునకు క్రికెట్టును తెచ్చినవారు ఆంగ్లేయులు. 1832లో కొలంబో క్రికెట్ క్లబ్బు వెలసినది. అధికారులు, సైనికులు, తరువాత తోటల దొరలు తీరిక వేళలు గడుపుటకు పెట్టుకొన్న ఆట అది. చాలకాలము ఆ క్లబ్బులో ఐరోపావారికే ప్రవేశము. ద్వీపవాసులలోనికి ఆట పాఠశాలల వాకిలి గుండ వచ్చినది. కొలంబోలోని రాయల్ కళాశాలకును సెయింట్ థామస్ కళాశాలకును నడుమ 1879లో మొదలైన వార్షికపు పోటీ నేటికిని సాగుచున్నది. ఇంగ్లీషు చదువుకొన్న న్యాయవాదులు, వైద్యులు, ఉద్యోగులు, వారు సింహళులు గాని, తమిళులు గాని, బర్గర్లు గాని, ముస్లిములు గాని, ఆ ఆటను తమదిగా చేసికొన్నారు. పొలము దున్నువాడును, చేపలు పట్టువాడును, కొండలలో తేయాకు కోయు తమిళ కూలివాడును ఆ కంచెకు బయటనే నిలిచినారు.

ఆనాటి క్రికెట్టు ప్రపంచములో కొలంబోకు ఒక విచిత్రమైన స్థానము ఉండెడిది. ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు పోవు ఓడలును, అటనుండి మరలి వచ్చు ఓడలును ఆ రేవున ఆగెడివి. ఓడ నిలిచిన ఆ కొన్ని గంటలలో ప్రయాణపు జట్లు తీరమునకు దిగి స్థానికులతో ఒక పూట ఆడి, చీకటి పడకముందే మరల ఓడ ఎక్కెడివి. 1948లో బ్రాడ్‌మన్ నాయకత్వమున ఇంగ్లండునకు పోవుచున్న ఆస్ట్రేలియా జట్టు అట్లే ఆగినది. ఆనాడు సింహళజట్టునకు నాయకుడు మహాదేవన్ సదాశివం అను తమిళుడు. కొలచి చూడగా ఆ పిచ్ 22 గజములకు రెండు గజములు తక్కువగా ఉన్నట్లు తేలినదని క్రికెట్టు చరిత్రకారులు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. గొప్ప జట్లకు లంక గమ్యస్థానము కాదు, దారిలోని మజిలీ. మజిలీలో పిచ్ పొడవు తగ్గినను పట్టించుకొనువారు ఎవరు?

లంకను సాటిదానిగా ఎంచి తరచుగా ఆడినది దక్షిణభారతమే. 1947లో మద్రాసు చేపాక్ మైదానమున సదాశివం 215 పరుగులు చేసినాడు. 1952-53 నుండి ఎం. జె. గోపాలన్ పేర మద్రాసు రాష్ట్రమునకును సింహళమునకును పోటీలు నడచినవి. ఆ పోటీ మొదలైన నాటికి ఆంధ్రము ఇంకను మద్రాసు రాష్ట్రములోని భాగమే. 1965 జనవరిలో మైఖేల్ టిసేరా నాయకత్వమున వచ్చిన సింహళజట్టు అహమ్మదాబాదులో భారతజట్టును అనధికారపు టెస్టులో ఓడించినది. గెలుపు నిజమైనదే గాని, దానికి ముందున్న ‘అనధికార’ మను మాట మాత్రము తొలగలేదు. టెస్టు హోదా కొరకు లంక మరి పదునారేండ్లు ఎదురుచూడవలసి వచ్చినది.

ప్రపంచకప్పు పోటీ 1975లో ఇంగ్లండున మొదలైనపుడు లంకకు అతిథిగా పిలుపు వచ్చినది. లండనులోని ఓవల్ మైదానమున ఆస్ట్రేలియా 328 పరుగులు చేసినది. జెఫ్ థామ్సన్ విసరిన బంతుల దెబ్బకు దులీప్ మెండిస్, సునీల్ వెట్టిముని ఇద్దరును ఆసుపత్రికి పోవలసి వచ్చినది. అయినను ఆ జట్టు తలవంచక నాలుగు వికెట్లు మాత్రమే పోగొట్టుకొని 276 పరుగులు చేసినది. ఓడినవారిని ప్రేక్షకులు మెచ్చుకొన్నారు. నాలుగేండ్లకు మాంచెస్టరులో వారు భారతజట్టును 47 పరుగుల తేడాతో ఓడించినారు. 1981లో అంతర్జాతీయ సంస్థ లంకకు పూర్ణసభ్యత్వము నిచ్చినది. 1982 ఫిబ్రవరి 17న కొలంబోలోని శరవణముత్తు క్రీడాస్థలమున ఇంగ్లండుతో తొలి టెస్టు ప్రారంభమైనది. ఒక తమిళుని పేరు గల మైదానమున, బందుల వర్ణపుర అను సింహళుని నాయకత్వమున ఆ దేశము టెస్టు క్రికెట్టులో అడుగిడినది. ఆ ఆటలో లంక తరఫున మొదటి అర్ధశతకము చేసినవాడు పదునెనిమిదేండ్ల అర్జున రణతుంగ. అప్పటికి అతడు ఆనంద కళాశాల విద్యార్థి.

ఆ సంతోషము ఎక్కువకాలము నిలువలేదు. అదే సంవత్సరము వర్ణపురయు మరికొందరు ఆటగాండ్రును వర్ణవివక్ష కారణముగా బహిష్కృతమైన దక్షిణాఫ్రికాకు డబ్బుకు ఆశపడి ఆడబోయినారు. వారిపై ఇరువదియైదేండ్ల నిషేధము పడినది. తరువాత అది సడలింపబడినను, అనుభవము గల ఒక తరము జట్టునకు దూరమైనది. 1983 జూలైలో తమిళులపై జరిగిన హత్యాకాండతో దేశమే రెండుగా చీలినది. ఇరువదియారేండ్లు సాగిన అంతర్యుద్ధము అచట మొదలైనది. 1987 ఏప్రిలులో కొలంబో బస్సుస్టాండున బాంబు పేలినపుడు, పర్యటనలో ఉన్న న్యూజీలాండు జట్టు మిగిలిన ఆటలు మాని మరలిపోయినది. ఆ తరువాత 1992 వరకు లంకగడ్డపై ఒక్క టెస్టును జరుగలేదు. ఎదుగవలసిన వయసులో ఆ జట్టునకు ఇల్లే లేకపోయినది.

అయినను ఈ చీకటి సంవత్సరములలోనే ఒక మార్పు మెల్లగా జరిగినది. స్వాతంత్ర్యానంతరము విద్య సింహళ, తమిళ భాషలలోనికి మారుటతో క్రికెట్టు ఇంగ్లీషు చదువు చెరనుండి బయటపడజొచ్చినది. రాయల్, సెయింట్ థామస్ కళాశాలల పక్కన ఆనంద, నాలంద వంటి బౌద్ధ విద్యాలయములు ఆటగాండ్రను తీర్చిదిద్దినవి. రేడియో, తరువాత టెలివిజను ఆటను పల్లెలకు చేర్చినవి. లాహోరులో ఆడిన జట్టును చూచిన ఈ మార్పు తెలియగలదు. రణతుంగ ఆనంద విద్యార్థి. రోషన్ మహానామ, అసంక గురుసింహ, కుమార ధర్మసేన నాలందలో చదివినవారు. సనత్ జయసూర్య దక్షిణతీరమున మాతర పట్టణమునుండి వచ్చినాడు. ముత్తయ్య మురళీధరన్ కాండీ నివాసి. అతని తాత తేయాకు తోటలలో పనిచేయుటకు దక్షిణభారతమునుండి వలస వచ్చినవాడు. కంచెకు బయట నిలిచిన కూలివాని మనుమడు దేశమునకు ముఖ్య బౌలరైనాడు. జట్టునకు శిక్షకుడు డేవ్ వాట్‌మోర్ కూడ ఒక విధముగ ఈ చరిత్రకు చెందినవాడే. కొలంబోలో పుట్టి, బాల్యముననే ఆస్ట్రేలియాకు వలసపోయి, ఆ దేశపు జట్టులో ఆడి, తుదకు పుట్టినగడ్డకు గురువై వచ్చినాడు.

1995లో ఈ జట్టు తన బలము నెరుగజొచ్చినది. ఆ సంవత్సరము మార్చిలో న్యూజీలాండులో మొదటిసారిగా విదేశమున టెస్టు సిరీస్ గెలిచినది. తరువాత పాకిస్తానులో మొదటి టెస్టు ఓడియు మిగిలిన రెండును గెలిచినది. ఆ యేటి చివర ఆస్ట్రేలియాకు పోయినపుడు మాత్రము వారికి కష్టకాలము ఎదురైనది. పెర్త్ టెస్టులో బంతిని పాడుచేసినారని వారిపై నింద పడినది. తరువాత అంతర్జాతీయ సంస్థయే ఆ నింద నిరాధారమని ఒప్పుకొన్నది. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో వేలకొలది ప్రేక్షకుల యెదుట అంపైరు డారెల్ హేర్ మురళీధరన్ బౌలింగును ఏడుసార్లు నోబాలుగా ప్రకటించినాడు. పుట్టుకతోనే పూర్తిగా చాపుటకు వీలులేని మోచేయి ఆ యువకునిది. తన చేయి వంపే తన నేరమైనట్లు అతడు నిలిచిపోయినాడు. రణతుంగ అతని పక్షమున నిలిచినాడు. ఆనాడు స్వదేశమున సింహళ, తమిళ జనుల నడుమ రక్తము ప్రవహించుచుండెను. అట్టి సమయమున ఒక సింహళ నాయకుడు ఒక తమిళ ఆటగాని కొరకు పట్టుబట్టుట చిన్న విషయము కాదు. మూడు టెస్టులును ఓడి, ఒకదినపు పోటీల తుది ఆటలును ఓడి జట్టు మరలినది. తుది ఆట ముగిసినపుడు ఉభయపక్షముల వారును చేతులు కలుపుకొనలేదు.

ఆ ఓటమిలోనే ఒక లాభమును కలిగినది. జయసూర్యను, వికెట్‌కీపరు రొమేష్ కలువితరణను ఒకదినపు ఆటలలో ఇన్నింగ్స్ ఆరంభించుటకు పంపిన ప్రయోగము ఆ పర్యటనలోనే ఫలించినది. ఆనాటి నియమము ప్రకారము మొదటి పదునైదు ఓవర్లలో వృత్తమునకు వెలుపల ఇద్దరు ఫీల్డర్లకే అనుమతి. అయినను ఆ ఓవర్లలో వికెట్లు కాపాడుకొని చివర వేగము పెంచుటయే అప్పటివరకు చాల జట్ల పద్ధతి. లంకవారు దీనిని తలక్రిందులు చేసినారు. కొట్టుటకు వీలున్నపుడే కొట్టవలెను, వికెట్లు పోయినను వెనుకనున్న అనుభవజ్ఞులు నిలబెట్టుదురు అని వారు నిశ్చయించుకొన్నారు. ఆ నిశ్చయమునకు ఆధారము వెనుకనున్న మూడు పేర్లు: గురుసింహ, అరవింద డిసిల్వా, రణతుంగ.

ప్రపంచకప్పును భారత, పాకిస్తాను, శ్రీలంక దేశములు కలిసి నిర్వహించుటకు ఏర్పాటైనది. ప్రారంభమునకు రెండు వారముల ముందు, 1996 జనవరి 31న, కొలంబో నడిబొడ్డున సెంట్రల్ బ్యాంకు భవనముపైకి బాంబులు నింపిన లారీని తోలినారు. తొంబదిమందికి పైగా మరణించినారు. వేయిమందికి పైగా గాయపడినారు. ఆస్ట్రేలియా, వెస్టిండీస్ జట్లు కొలంబోకు వచ్చి ఆడుటకు నిరాకరించినవి. ఆస్ట్రేలియా ఆటగాండ్రకు అంతకుముందే బెదిరింపులు వచ్చియుండెను. వారి భయమును పూర్తిగా తప్పుపట్టుట న్యాయము కాదు. అయినను లంకవాసుల మనసున తగిలిన గాయము వేరు. యాభైయేండ్ల క్రితము ఓడలు ఆగెడి రేవునకు ఇపుడు ఓడలును రానన్నట్లయినది. ఆ రెండు ఆటలును లంక ఆడకయే గెలిచినట్లు నమోదైనవి.

అపుడు పొరుగుదేశములు చేసిన పని స్మరింపదగినది. ఫిబ్రవరి 13న భారత, పాకిస్తాను ఆటగాండ్రు ఒకే జట్టుగా కూడి కొలంబోలోని ప్రేమదాస క్రీడాస్థలమున శ్రీలంకతో ఒక సౌహార్దపు ఆట ఆడినారు. ఆ జట్టునకు నాయకుడు హైదరాబాదు వాసి మహమ్మద్ అజహరుద్దీన్. సచిన్ తెందూల్కర్, సయీద్ అన్వర్ కలిసి ఇన్నింగ్స్ ఆరంభించినారు. కలువితరణ ఔటైనపుడు స్కోరు పుస్తకమున వ్రాసిన పంక్తి చరిత్రలో అరుదైనది: బౌలరు వసీం అక్రం, క్యాచ్ పట్టినవాడు తెందూల్కర్. మూడు యుద్ధములు చేసికొన్న రెండు దేశముల వారు మూడవ దేశపు దుఃఖమును పంచుకొనుటకు ఒక్క పక్షమై నిలిచినారు. తరువాత జింబాబ్వే, కెన్యా జట్లు కూడ లంకకు పోయి తమ ఆటలను ఆడినవి.

పోటీ మొదలైన పిదప లంక పద్ధతి అందరికిని అర్థమగుటకు కొంతకాలము పట్టినది. మార్చి 2న ఢిల్లీలో తెందూల్కర్ 137 పరుగులు చేయగా భారతజట్టు 271 పరుగులు సాధించినది. సమాధానముగా జయసూర్య 79 పరుగులు చేసినాడు. అతని ధాటికి మనోజ్ ప్రభాకర్ తన వేగపు బౌలింగును మాని ఆఫ్ స్పిన్ వేయవలసి వచ్చినది. నాలుగు ఓవర్లలో అతడు 47 పరుగులు ఇచ్చినాడు. లంక ఆరు వికెట్ల తేడాతో గెలిచినది. మార్చి 6న కాండీలో కెన్యాపై ఐదు వికెట్లకు 398 పరుగులు చేసినది. ఒకదినపు ఆటలలో అప్పటికి అంతటి స్కోరు లేదు. మూడు దినముల తరువాత ఫైసలాబాదున జరిగిన క్వార్టర్‌ఫైనల్‌లో జయసూర్య 44 బంతులలో 82 పరుగులు చేయగా ఇంగ్లండు ఓడినది. ఆ జట్టు గెలుచుచున్నది అదృష్టముచేతనని అనువారు ఇంకను లేకపోలేదు. ఆడకయే రెండు గెలుపులు పొందినది గదా అనువారును ఉండిరి.

మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో భారతజట్టుతో సెమీఫైనల్ జరిగినది. అజహరుద్దీన్ టాస్ గెలిచి లంకను ముందు ఆడుమన్నాడు. మొదటి ఓవరులోనే శ్రీనాథ్ బౌలింగున కలువితరణ, జయసూర్య ఇరువురును థర్డ్‌మాన్ వద్ద క్యాచ్‌లిచ్చి వెడలినారు. లక్షమంది గొంతులు ఒక్కటై మ్రోగినవి. ఆ హోరులో అరవింద డిసిల్వా వచ్చి 47 బంతులలో 66 పరుగులు చేసినాడు. ఆరంభపు వేగమే తమ బలమని అందరును భావించిన జట్టు, ఆ బలము మొదటి ఓవరులో విరిగినను, 251 పరుగులు చేసినది. భారతజట్టు ఒక వికెట్టుకు 98 పరుగులతో నిలకడగా నుండగా తెందూల్కర్ జయసూర్య బంతికి స్టంపౌటైనాడు. ఆ వికెట్టుతో కలిపి 22 పరుగులలో ఏడు వికెట్లు కూలినవి. స్కోరు 120 వద్ద ప్రేక్షకులు కొందరు సీసాలు విసరి, స్టాండులలో నిప్పు పెట్టినారు. రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆటను ఆపి, మరల నడపుటకు ప్రయత్నించి, వీలుగాక లంక గెలిచినట్లు ప్రకటించినాడు. ఒక నెల క్రితము సౌహార్దమును చాటిన దేశమున ఆనాటి దృశ్యము సిగ్గుపడవలసినది. దుఃఖములోనున్నవారిని ఓదార్చుట సులభము. వారిచేత ఓడుటయే కష్టము.

మరునాడు మొహాలీలో ఆస్ట్రేలియా ఐదు పరుగుల తేడాతో వెస్టిండీస్‌ను ఓడించినది. ఆ విధముగా కొలంబోకు రానన్న జట్టును లాహోరులో ఎదుర్కొను అవకాశము లంకకు కలిగినది. మెల్‌బోర్న్ అవమానము జరిగి అప్పటికి మూడు మాసములు నిండలేదు. స్వదేశపు జట్టు క్వార్టర్‌ఫైనల్‌లోనే ఓడిపోయినందున లాహోరు ప్రేక్షకులు చాలవరకు లంక పక్షమే వహించినారు.

ఆ తుది ఆట దీపకాంతిలో ముగియవలసినది. టాస్ గెలిచిన రణతుంగ ఆస్ట్రేలియాను ముందు ఆడుమన్నాడు. అంతకుముందు జరిగిన ఐదు తుది ఆటలలోను ముందు ఆడిన జట్టే గెలిచియుండెను. కాబట్టి ఈ నిర్ణయము చాలమందికి సాహసముగా తోచినది. కాని అది ఆలోచనతో చేసిన సాహసము. లక్ష్యమును వెంటాడుటలో తన జట్టునకు గల నేర్పు అతనికి తెలియును. రాత్రివేళ మంచు కురిసిన బంతి తడిసి స్పిన్ బౌలర్ల వ్రేళ్లకు పట్టు దొరకదు. షేన్ వార్న్ గల జట్టుతో ఆడునపుడు ఆ మంచు పది మంది ఆటగాండ్ర పెట్టు.

ఆరంభమున అతని లెక్క తప్పినట్లే కనిపించినది. నాయకుడు మార్క్ టేలర్, యువకుడు రికీ పాంటింగ్ కలిసి రెండవ వికెట్టుకు నూరు పరుగులకు పైగా చేర్చినారు. ఒక వికెట్టుకు 137 పరుగులతో ఆస్ట్రేలియా మూడువందలవైపు పోవుచున్నట్లుండెను. అపుడు రణతుంగ వేగపు బౌలర్లను పక్కనబెట్టి ఆటను నలుగురు స్పిన్నర్ల చేతికి అప్పగించినాడు. మురళీధరన్, ధర్మసేన, జయసూర్య, డిసిల్వా కలిసి 37 ఓవర్లు వేసినారు. 74 పరుగులు చేసిన టేలర్ డిసిల్వా బంతికి జయసూర్య చేత చిక్కినాడు. 45 పరుగులు చేసిన పాంటింగ్‌ను డిసిల్వాయే బౌల్డ్ చేసినాడు. వేగము పెంచుటకు ముందుగా పంపబడిన వార్న్, మురళీధరన్ బంతికి స్టంపౌటైనాడు. స్టీవ్ వా కొట్టిన బంతిని డిసిల్వా పట్టినాడు. 137 పరుగులకు ఒక వికెట్టు పోయినచోట 170 పరుగులకు ఐదు పోయినవి. పరుగులు పిసినారి చేతి నాణెములవలె ఒక్కొక్కటిగా రాలినవి. మైకేల్ బెవన్ తుదివరకు నిలిచి 36 పరుగులు చేయుటచే ఏడు వికెట్లకు 241 పరుగులైనవి. మెల్‌బోర్న్‌లో దోషిగా నిలిపిన మురళీధరన్ పది ఓవర్లలో 31 పరుగులే ఇచ్చినాడు. డిసిల్వాకు మూడు వికెట్లు, రెండు క్యాచ్‌లు దక్కినవి.

లంక ఇన్నింగ్స్ కలకత్తాలోవలెనే చెడుగా మొదలైనది. 12 పరుగుల వద్ద జయసూర్య రనౌటైనాడు. 23 పరుగుల వద్ద కలువితరణ వెడలినాడు. ప్రపంచము నెల దినములుగా చెప్పుకొన్న ఆరంభపు ద్వయము పదునైదు పరుగులు మాత్రమే చేసి పెవిలియనుకు చేరినది. ఇక మిగిలినది వెనుకనున్న అనుభవమే. గురుసింహ, డిసిల్వా తొందరపడలేదు. ఆస్ట్రేలియా ఫీల్డర్లు గురుసింహ ఇచ్చిన క్యాచ్‌ను విడిచినారు. ఇరువురును కలిసి 125 పరుగులు చేర్చిన తరువాత, 65 పరుగుల వద్ద గురుసింహను పాల్ రీఫెల్ బౌల్డ్ చేసినాడు. స్కోరు మూడు వికెట్లకు 148. అపుడు రణతుంగ నిదానముగా నడచి వచ్చినాడు.

అటుపై జరిగినది పోరాటమువలె గాక, తెలిసిన త్రోవలో ఇంటికి పోవుటవలె ఉన్నది. డిసిల్వా ఆటలో ఆనాడు ఎచటను కోపము కనిపింపలేదు. వేగము గల యువకుడుగా అతడు ఆవేశపు కొట్టుళ్లకు పేరుపడినవాడు. తొందరలో వికెట్టు పారవేసికొనునని నింద కూడ మోసినవాడు. ఆ రాత్రి అతడు సందులు చూచి బంతిని నెట్టి, చెడుబంతిని మాత్రమే దండించినాడు. మంచుకు తడిసిన బంతి వార్న్ చేతినుండి జారిపోయినది. పది ఓవర్లలో 58 పరుగులు ఇచ్చి అతడు ఒక్క వికెట్టును పొందలేదు. డిసిల్వా 124 బంతులలో 107 పరుగులతోను, రణతుంగ 37 బంతులలో 47 పరుగులతోను నిలిచియుండగా, మెక్‌గ్రాత్ వేసిన బంతిని రణతుంగ థర్డ్‌మాన్ వైపు మెల్లగా తప్పించి బౌండరీ చేసినాడు. ఇంకను 22 బంతులు మిగిలియున్నవి. పాకిస్తాను ప్రధానమంత్రి బేనజీర్ భుట్టో చేతినుండి అతడు కప్పును అందుకొన్నాడు. తొలి టెస్టులో తొలి అర్ధశతకము చేసిన ఆ విద్యార్థికి అప్పటికి ముప్పదిరెండేండ్లు.

ఈ గెలుపును ప్రతీకారమని వ్రాసినవారు పెక్కురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఆటను శ్రద్ధగా చూచిన మరియొక విషయము తోచును. ప్రతీకారమునకు పోయినవారు ఆవేశపడుదురు, లంకవారు ఆవేశపడలేదు. పెద్ద జట్లు చిన్నవిగా చూచినవారికి ఒక లాభము కలదు: ఎవరును కాచుకొనరు గనుక వారు తమ పద్ధతిని తామే కనిపెట్టుకొందురు. ఇంగ్లండు శిక్షణ గ్రంథములలో లేని ఆరంభపు ధాటియు, చేయి తీరు చూచి నిపుణులు అనుమానించిన బౌలరును, నెమ్మదిగా నడచు నాయకుడును కలిసి గెలిచినారు. ఆ పోటీ తరువాత ఒకదినపు ఆటల తీరే మారినది. మొదటి ఓవర్లలో ధాటిగా ఆడుట ఆ మీదట అన్ని దేశముల పద్ధతియైనది. మజిలీ దేశమువద్ద దొరలు పాఠము నేర్చుకొన్నారు.

ఇక ఆ గెలుపు దేశమునకు ఏమి చేసినది? కొలంబో వీథులలో జనులు రాత్రంతయు ఉత్సవము చేసికొన్నారు. అదే ఆగస్టులో ఆస్ట్రేలియా జట్టు కొలంబోకు వచ్చి ఆడినది. ఆ పోటీ తుది ఆటలోను లంకయే గెలిచినది. కాని యుద్ధము ఆగలేదు. కప్పు గెలిచిన నాలుగు నెలలకే, జూలైలో, ముల్లైతీవు సైనిక స్థావరము కూలి వేయిమందికి పైగా సైనికులు మరణించినారు. అదే నెలలో కొలంబో సమీపమున దెహివల వద్ద రైలులో బాంబులు పేలినవి. ఉత్తరమున తమిళుల గ్రామములు గుండ్ల వానలో ఖాళీయైనవి. యుద్ధము 2009 మేలో ముగియునాటికి చచ్చినవారి లెక్క లక్షకు చేరువైనది. బంతితో, బాట్‌తో జాతుల వైరము తీరునని నమ్మినవారికి ఈ సంవత్సరములు కఠినమైన పాఠము చెప్పినవి. జట్టులో ఒక మురళీధరన్ ఉండుటచే దేశములోని తమిళులకు న్యాయము జరిగినట్లు కాదు. అతనిని ప్రేమించినంత సులభముగా అతని జాతివారి హక్కులను అంగీకరింపలేకపోయినది ఆ సమాజము.

అయినను ఆ గెలుపు వ్యర్థము కాదు. ఒకే జట్టునకు మురళీధరన్, జయసూర్య ఇరువురును ప్రాణమని సింహళ బాలుడు ఎరిగినాడు. దేశమంతయు ఒక్కటిగా ఉండిన ఒక రాత్రి తమ జీవితకాలమున ఉన్నదని చెప్పుకొనుటకు ఆ తరమునకు వీలు కలిగినది. మురళీధరన్ 2010లో టెస్టులనుండి విరమించునాటికి 800 వికెట్లు తీసినాడు. బంతి వేయునపుడు బౌలరు మోచేయిని పదునైదు డిగ్రీల వరకు చాచవచ్చునని అంతర్జాతీయ సంస్థ అప్పటికే నియమము మార్చియుండెను.

లాహోరు పేరు లంక క్రికెట్టు చరిత్రలో మరియొకసారి వచ్చినది. 2009 మార్చి 3న టెస్టు ఆడుటకు అదే గద్దాఫీ క్రీడాస్థలమునకు పోవుచున్న శ్రీలంక జట్టు బస్సుపై తుపాకులతో దాడి జరిగినది. మరియొక జట్టు పోవుటకు భయపడిన దేశమునకు లంక జట్టు ఆ యేడు స్వయముగా పోయినది. దాడిలో ఆరుగురు పోలీసులు, ఇద్దరు పౌరులు మరణించినారు. పలువురు ఆటగాండ్రు గాయపడినారు. ఆ బస్సులో మురళీధరన్ కూడ ఉన్నాడు. ఆ తరువాత చాలకాలము పాకిస్తాను మైదానములు టెస్టు జట్లు రాక బోసిపోయినవి. పదేండ్లకు, 2019 డిసెంబరులో, పాకిస్తానులో మరల టెస్టు ఆడుటకు వచ్చిన మొదటి జట్టు శ్రీలంకయే. బాంబుల భయమున తమ ఇంటికి అతిథులు రాని దినములు ఎట్లుండునో ఆ దేశమునకు తెలియును.